మీ రేడియో సౌండ్ కొంచెం తగ్గించండి

మొన్న బంధువుల గృహప్రవేశంలో భోజనాలయ్యాక కబుర్లు ఎటెటో తిరిగి రేడియో మీదికి మళ్లాయి. ఆకాశవాణిలో చిన్న కేంద్రాలన్నీ సొంతంగా కార్యక్రమాలు చేయడం దండగని, పెద్ద కేంద్రం ఇచ్చిందే తిరిగి వేస్తే సరిపోతుందని ఎవరో అన్నారు. మా బావ వెంటనే అందుకున్నాడు. "పాటలంటే సరే. ఇంకా ఆ ఫోన్ ఇన్ ప్రోగ్రాములెందుకు? రైతుకి డౌటొస్తే కాల్ సెంటర్ ఉంది, యూట్యూబ్ ఉంది, ఇప్పుడు ఏఐ కూడా తెలుగులో మాట్లాడుతోంది. అరగంటలో ఐదారుగురు మాట్లాడేదానికి ఒక స్టూడియో, ఒక ఇంజినీరు, ఒక యాంకరు, ఒక సైంటిస్టు. లెక్కేసి చూడు."

లెక్కేస్తే బావ మాటే నెగ్గుతుంది. ఒక ప్రశ్నకి ఒక జవాబు అందించే సర్వీసుగా చూస్తే ఫోన్ ఇన్ ఎప్పుడో ఓడిపోయింది. నా గొడవ ఆ లెక్క వేసే పద్ధతితోనే. ఫోన్ చేసినవాళ్లు ఐదుగురే కావచ్చు, కానీ ఆ ఐదుగురి ప్రశ్నలు విన్నవాళ్లు ఇంకెంతమందో ఉంటారు, అడగాలని తమకు తోచని ప్రశ్న పక్క ఊరివాడు అడిగితే చెవి ఒగ్గినవాళ్లు. ఆ పని సరిగ్గా జరగాలంటే నిపుణుడికంటే ముందు, ఫోనెత్తి ఆ మాటల్ని వినదగ్గ ప్రశ్నగా నిలబెట్టే మనిషి కావాలి. ఆ మనిషి ఆ ప్రాంతంలోనే బతుకుతూ ఉండాలి. నేను చెప్పదలచుకున్నది ఇంతే. అయితే దీనికి ఎదురు వాదనలు కూడా గట్టివే, వాటినీ దాటవేయను.

ముందుగా ఒక పాత సంగతి. కిసాన్ కాల్ సెంటర్లు 2004 జనవరిలో మొదలయ్యాయి. ఆ మరుసటి నెలలోనే ఆకాశవాణిలో రైతుల కార్యక్రమం కిసాన్ వాణి మొదలైంది, దేశమంతటా 96 ఎఫ్‌ఎం కేంద్రాల నుంచి, వారానికి ఆరు రోజులు, రోజుకు అరగంట. రెండింటి వెనుకా ఉన్నది కేంద్ర వ్యవసాయ శాఖే. కాల్ సెంటర్ ఉండగా రేడియో ఎందుకన్న ప్రశ్న ఆ రోజే ఎవరో ఒకరు అడిగే ఉంటారు. అయినా రెండూ పెట్టారు. ఢిల్లీ నుంచి ఒకటే కార్యక్రమం వేసేయకుండా 96 చోట్ల విడివిడిగా పెట్టడానికి కారణం కూడా అందరికీ తెలిసిందే. కడప బత్తాయి రైతుకి, ఆదిలాబాద్ పత్తి రైతుకి ఒకే అరగంట సరిపోదు.

కిసాన్ కాల్ సెంటర్ నంబరు 1800-180-1551కి చేస్తే పొద్దున ఆరు నుంచి రాత్రి పది దాకా ఎవరో ఒకరు తెలుగులో పలుకుతారు. మంచి సర్వీసే. మా నాన్న కూడా చేశాడు, జవాబు కూడా సరిగ్గానే చెప్పారు. కానీ నాన్న అడిగింది, వాళ్లు చెప్పింది ఆ ఫోన్లోనే ఉండిపోయాయి. మా ఊళ్లో ఇంకో మనిషికి తెలియలేదు.

కొట్లో ఒక తోడు

2021 ఖరీఫ్‌లో వేసిన మిరపకి ఆ ఏడాది చివర్లో ఏమైందో పల్నాడు, ఖమ్మం, వరంగల్ వైపు వాళ్లకి నేను చెప్పక్కర్లేదు. నల్ల తామర పురుగు. మన దేశంలో దీన్ని మొదట 2015లో బెంగళూరులో బొప్పాయి మీద గుర్తించారు. మిరప మీదికి వచ్చాక మాత్రం ఎవరూ ఊహించని పని చేసింది. పువ్వులో దూరి కూర్చుంటుంది. పూత రాలిపోతుంది, కాయ నిలవదు. నిండు పూతతో ఉన్న చేను చూస్తుండగానే ఖాళీ అయిపోతుంటే రైతు ఏం చేస్తాడు? మందు కొడతాడు. పని చేయకపోతే ఇంకో మందు. అదీ పని చేయకపోతే రెండూ కలిపి.

శాస్త్రవేత్తలు మొత్తుకున్నది దీని గురించే. విచ్చలవిడిగా కొట్టొద్దు, ఆ పురుగుని తినే పురుగులు కూడా చచ్చిపోతున్నాయి, నత్రజని తగ్గించండి, నీలిరంగు జిగురట్టలు పెట్టండి, వేపనూనె వాడండి అని. వినడానికి ఎంత చప్పగా ఉందో చూడండి. చేను పోతున్న మనిషికి నీలిరంగు అట్టలు పెట్టమంటే ఒళ్లు మండదా?

పైగా మందులు తెచ్చేది అప్పు మీద. అప్పిచ్చేదీ, ఏ మందు కొట్టాలో చెప్పేదీ ఒకే మనిషి. ఆ కొట్లో నిలబడి "ఇక కొట్టను" అనడం అంత తేలిక కాదు. పాత బాకీ ఉంటుంది, రేపు మళ్లీ అవసరం ఉంటుంది.

ఆ సీజన్‌లో ఒక సాయంత్రం రేడియోలో ఒక రైతు లైన్లోకి వచ్చి తను కొట్టిన మందుల పేర్లు వరసగా చెప్పుకుంటూ పోయాడు. కంపెనీ పేర్లు చెప్పొద్దండీ అని యాంకర్ మధ్యలో ఆపబోయినా ఆగలేదు. అంతా విని సైంటిస్టు కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఇక కొట్టొద్దండి" అన్నాడు.

"కొట్టకపోతే ఎలాగండీ?"

"కొట్టినా అదే ఎలాగండీ? ఇన్ని కొట్టారు కదా, తగ్గిందా?"

"లేదండీ."

"మరి?"

అంతే సంభాషణ. పుస్తకంలోనో యూట్యూబ్‌లోనో ఇలా ఉండదు. అక్కడ మోతాదులు ఉంటాయి, లీటరుకి ఎన్ని మిల్లీలీటర్లు అని ఉంటుంది. ఇక్కడ ఒక మనిషి "లేదండీ" అని ఒప్పుకోవడం వినిపించింది. మర్నాడు మందుల కొట్లో నాన్న ఆ సంగతి ఎత్తితే కొట్టు యజమాని, "ఆయన నీ చేను చూశాడా?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే, దాని దగ్గరికి తర్వాత వస్తాను. కానీ అక్కడే బెంచీ మీద కూర్చున్న ఇంకో ఇద్దరు, "నిన్న మేమూ విన్నాం" అన్నారు. నాన్న ఆ రోజు మందు కొనకుండా ఇంటికొచ్చాడు. చేను దక్కిందా అంటే పెద్దగా దక్కలేదు. ఆ ఏడు ఎవరికీ దక్కలేదు. కానీ పోయే చేను మీద ఇంకో పదివేలు పోయకుండా ఆగాడు. కాల్ సెంటర్ చెప్పినదీ ఇదే సలహా. తేడా ఏమిటంటే, కాల్ సెంటర్ మాట పట్టుకుని కొట్లో ఒంటరిగా నిలబడాలి. రేడియో మాటకి బెంచీ మీద ఇద్దరు సాక్షులున్నారు.

ఆకు పైకా, కిందికా

నా స్నేహితురాలు ఒక జిల్లాలోని ఆకాశవాణి కేంద్రంలో చాలా ఏళ్లుగా క్యాజువల్‌గా, అంటే పర్మనెంట్ కాకుండా పిలిచిన రోజు డ్యూటీకి వెళ్లే పద్ధతిలో చేస్తోంది. ఒక సాయంత్రం పర్మిషన్ తీసుకుని తనతో వెళ్లి ఫోన్ ఇన్ జరిగినంతసేపూ అద్దం ఇవతల కూర్చున్నాను. నేను అనుకున్నది, అసలు పని అద్దం అవతల, మైకు ముందు జరుగుతుందని. అక్కడ జరిగేది సగమే. మిగతా సగం పక్క గదిలో, ఒక బల్ల, ఒక ఫోను, ఒక చీటీల కట్ట ముందు జరుగుతుంది. ఆ రోజు ఆ బల్ల దగ్గర నా స్నేహితురాలు, మైకు ముందు ఇంకొకరు.

ఫోన్ మోగుతుంది. ఎవరు, ఏ ఊరు, ఏ పంట, నాటి ఎన్ని రోజులైంది, ఇప్పటిదాకా ఏం వాడారు. ఇవన్నీ అడిగి చీటీ మీద రాసి, లైన్లో ఉండమని చెప్పి, చీటీ లోపలికి పంపాలి. చెప్పడానికి ఇంతే. కానీ ఫోన్ చేసే మనిషి పంట దగ్గర మొదలుపెట్టడు. తమ్ముడికి పంచి ఇవ్వగా మిగిలిన ఎకరంన్నర దగ్గర మొదలుపెడతాడు. లేకపోతే, "మీ ప్రోగ్రాం బాగుంటుందమ్మా, చిన్నప్పట్నుంచీ వింటున్నా" దగ్గర. పాట వేయమని అడిగేవాళ్లుంటారు. సాయంత్రం ఏడు దాటింది కాబట్టి కాస్త మందు మీద ఉన్నవాళ్లూ ఉంటారు. ఎవరినీ నొప్పించకూడదు, ఎవరికీ రెండు నిమిషాలు మించకూడదు.

ఒకాయన మిరప ఆకులు ముడుచుకుపోతున్నాయన్నాడు.

"పైకి ముడుచుకుంటున్నాయా బాబాయ్, కిందికా?"

ఆయనకి వెంటనే తట్టలేదు. "ముడుచుకుంటున్నాయమ్మా, మొత్తానికి..."

"పడవలా పైకి లేచాయా, బోర్లించినట్టు కిందికి వంగాయా?"

"ఆగమ్మా, జేబులోనే ఉంది." కాసేపు చప్పుడు. "పైకే. పైకి లేచింది."

పైముడత అయితే తామర పురుగు. కింది ముడత అయితే నల్లి. ఒకదానికి వాడే మందు రెండోదానికి పనిచేయదు. ఈ ఒక్క ప్రశ్న ముందే అడగకపోతే లైవ్‌లో సైంటిస్టు అడగాలి, రైతు జేబులు వెతుక్కోవాలి, ఈలోగా ఇంకో ఇద్దరి సమయం పోతుంది. లేదా సైంటిస్టు రెండింటికీ చెప్తాడు, రైతు రెండూ కొంటాడు. చీటీ మీద నా స్నేహితురాలు రాసింది చూశాను. ఊరు పేరు, "మిరప, 70 రో., పైముడత, 2 సార్లు స్ప్రే". లోపల జవాబు నిమిషంలో అయిపోయింది. విన్నవాళ్లకి సైంటిస్టు ఎంత సూటిగా చెప్పాడో అనిపించి ఉంటుంది. జేబులో ఆకు సంగతి వాళ్లకి తెలియదు.

ఆవిడ అగ్రికల్చర్ చదవలేదు, తెలుగు ఎంఏ. ఈ ప్రశ్న ఎవరు నేర్పారని అడిగితే నవ్వి, "సైంటిస్టులు ప్రతిసారీ ఇదే అడుగుతుంటే నేనే ముందు అడిగేస్తే పోలా అనిపించింది" అంది. వరి అయితే పొట్ట దశలో ఉందా, ఈనిందా అని అడుగుతుంది. పత్తి అయితే పువ్వు విచ్చుకోకుండా ముడుచుకుని ఉందా అని, ఎందుకంటే గులాబీ రంగు పురుగు ఉంటే పువ్వు అలా గుడ్డిపువ్వు అవుతుంది. ఇవి ఏ ట్రైనింగ్ పుస్తకంలోనూ ఒక చోట ఉండవు. ఆ ఫోన్ దగ్గర ఏళ్ల తరబడి కూర్చుంటేనే వస్తాయి.

ఇక ఈ టైటిల్‌లో పెట్టిన మాట. ఫోన్ ఇన్ విన్న ప్రతివాళ్లకీ ఇది పరిచయమే. ఫోన్ పక్కనే రేడియో మోగుతుంటే ఆ శబ్దం మళ్లీ ఫోన్లోకి దూరి కూత మొదలవుతుంది. ఇప్పుడు కొత్త తంటా యాప్‌లో వినేవాళ్లతో. ఆకాశవాణి వాళ్ల న్యూస్ ఆన్ ఎయిర్ యాప్‌లో ప్రసారం కాస్త ఆలస్యంగా చేరుతుంది. ఫోన్ చేసినాయన మాట్లాడుతుండగా, తను అంతకుముందు అన్న "హలో" ఆయనకే వినిపిస్తుంది. ఎవరో పలికారనుకుని మళ్లీ "హలో" అంటాడు. ఇలా తనతో తనే ఒకాయన మాట్లాడుకుంటుంటే లోపల యాంకర్ నవ్వు ఆపుకోలేక ఫేడర్ (సౌండ్ తగ్గించే మీట) దించేసింది. లైవ్ అంటే ఇదే. కొన్ని కేంద్రాల్లో ఇప్పుడు పగలే కాల్స్ రికార్డు చేసి, కత్తిరించి, సాయంత్రం వేస్తున్నారు. శుభ్రంగా ఉంటుంది. తడబాట్లన్నీ తీసేస్తే మిగిలేది మాత్రం ఇంకో ప్రసంగమే.

పక్కింటావిడకి

ఆరోగ్యం ఫోన్ ఇన్‌లు వినేవాళ్లకి ఒక విషయం తెలుసు. ఎవరూ తమ గురించి అడగరు. మా పక్కింటావిడకి, మా చుట్టాలావిడకి, నాకు తెలిసిన ఒకామెకి. ఒకసారి ఒకామె ఇలాగే, పక్కింటావిడకి గర్భసంచి కిందికి జారినట్టు ఉంటోందట, బరువు ఎత్తితే ఇంకా ఎక్కువవుతోందట అని మొదలుపెట్టింది. డాక్టరు గారు కొత్తవారు కాబోలు, "ఆమెనే ఫోన్ చేయమనండి, కొన్ని వివరాలు అడగాలి" అన్నారు. అవతల మాట లేదు. యాంకర్ చటుక్కున అందుకుంది. "పర్వాలేదు డాక్టరు గారూ, ఏమేం గమనించుకోవాలో ఈవిడకి చెప్పండి, వెళ్లి చెప్తారు." డాక్టరు గారికి అర్థమైంది. ఆ తర్వాత ఐదు నిమిషాలు ఇద్దరూ ఎంతో శ్రద్ధగా ఆ పక్కింటావిడ గురించే మాట్లాడుకున్నారు. చివర్లో ఆమె, "ఆస్పత్రికి వెళ్తే ఏ డాక్టరని అడగాలండీ? చీటీ రాసే దగ్గర మగాళ్లుంటారు" అంది. ఏం చెప్పాలో కూడా డాక్టరు గారు చెప్పారు. గైనిక్ ఓపీ అంటే చాలు, సమస్య ఏమిటో కౌంటర్ దగ్గర చెప్పక్కర్లేదు అని.

ఇలాంటి ప్రశ్నకి రేడియోకంటే ఫోన్లో ఏఐని అడగడమే నయం కదా, పేరు చెప్పక్కర్లేదు, గొంతు వినిపించక్కర్లేదు అనవచ్చు. ఆ మాట నిజమే. అడగగలిగిన మనిషికి అదే నయం. కానీ ఇది జబ్బని, దీనికి వైద్యం ఉందని తెలియక, పిల్లల్ని కన్నాక ఇంతేలే అనుకుని బతుకుతున్నవాళ్లు ఏఐని ఏమని అడుగుతారు? వాళ్లు వంటింట్లో పని చేసుకుంటుండగా ఎవరో పక్కింటావిడ గురించి అడగాలి. అడగనివాళ్లకి జవాబు చేరే దారి ఇదొక్కటే నాకు కనిపిస్తోంది.

విజయవాడ కేంద్రంలో ఉషశ్రీ గారు శ్రోతల ప్రశ్నలకి జవాబులు చెప్పే ధర్మసందేహాలు కార్యక్రమం ఉత్తరాల మీద నడిచింది. ఆదివారం మధ్యాహ్నం ఆ గొంతు కోసం కాచుకున్న ఇళ్లెన్నో. ఉత్తరం రాసేవాళ్లు ప్రశ్నని ముందే తీర్చిదిద్దుకుని పంపుతారు, చదివేవారు దాన్ని ఇంకొంచెం తీర్చిదిద్దుతారు. ఫోన్‌లో ఆ అవకాశం లేదు. తడుముకోవడం, మధ్యలో ఆగిపోవడం, వెనకనుంచి ఇంట్లోవాళ్లెవరో అందిస్తూ ఉండడం, అన్నీ ప్రసారమైపోతాయి. నాకు ఫోన్ ఇన్ నచ్చేది అందుకే.

నెలకు ఆరు

ఈ మొత్తం వ్యవహారాన్ని మోస్తున్నవాళ్లు క్యాజువల్స్. వాళ్లకి నెలకు ఆరు డ్యూటీలు మించి ఇవ్వరు. ఎక్కువ ఇస్తే రేపు పర్మనెంట్ చేయమని కోర్టుకి వెళ్తారన్న భయం. పర్మనెంట్ చేయమని దేశమంతటా వాళ్లు వేసిన కేసులు, చేసిన ధర్నాలు లెక్కలేనన్ని, అది వేరే కథ. ఇక్కడ నాకు కావలసింది ఒక్కటే. నెలకు ఆరు రోజులొచ్చే మనిషికి వారం వారం జరిగే కార్యక్రమం మీద పట్టు ఎలా వస్తుంది? పోయిన వారం ఒక రైతుకి ఏం చెప్పారో, ఈ వారం అదే ఊరినుంచి ఇంకొకరు ఎందుకు అదే అడుగుతున్నారో తెలియాలంటే రెండు వారాలూ అక్కడ ఉండాలి కదా. నా స్నేహితురాలు మిగతా రోజుల్లో స్కూల్లో పాఠాలు చెప్తుంది. డ్యూటీ లేని రోజు కూడా కార్యక్రమం వింటుంది. అది ఆమె శ్రద్ధ. అందరికీ అంత శ్రద్ధ ఉండాలని ఏ సంస్థా అనుకోకూడదు.

ఒకప్పుడు ఇలా ఉండేది కాదు. 1966లో, హరిత విప్లవం రోజుల్లో, ఆకాశవాణిలో ఫార్మ్ అండ్ హోమ్ యూనిట్లు పెట్టినప్పుడు వాటికి ఫార్మ్ రేడియో ఆఫీసర్లని ప్రత్యేకంగా మనుషులుండేవారు. పొలాలకి వెళ్లి రికార్డు చేసుకొచ్చేవారు. ఇప్పుడు చాలా చోట్ల ఒకే ప్రోగ్రాం ఎగ్జిక్యూటివ్ వ్యవసాయం, ఆరోగ్యం, యువవాణి, అన్నీ చూసుకోవాలి. రిటైరైనవాళ్ల కుర్చీలు అలాగే ఖాళీగా ఉన్నాయి. 2018 చివర్లో ఐదు ప్రాంతీయ శిక్షణ అకాడమీలు మూసేస్తున్నామని ప్రకటించారు, అందులో హైదరాబాద్‌ది కూడా ఉంది. పోనీ కొత్తవాళ్లని తీసుకున్నా వాళ్లకి నేర్పే చోటు ఒకటి పోయింది.

ఆ రోజు కార్యక్రమం అయిపోయాక బల్ల మీద ఇంకా చీటీలు మిగిలాయి. లైన్లో వేచి ఉండి, సమయం చాలక వెనక్కి వెళ్లినవాళ్లవి. నా స్నేహితురాలు ఆ చీటీలు తీసుకుని, బండి దగ్గరికి వెళ్తున్న సైంటిస్టుని గేటు దగ్గర ఆపి ఒక్కొక్కటీ అడిగింది. తర్వాత తన సెల్ నుంచే వాళ్లకి ఫోన్ చేసి చెప్పింది. దీనికి డబ్బులిస్తారా అని అడిగితే నావైపు వింతగా చూసింది.

నాకున్న అనుమానాలు

ఇంత పొగిడాక లోపాలు చెప్పకపోతే అన్యాయం. మొదటిది, అవే గొంతులు. ప్రతి కేంద్రానికీ కొందరు మహా శ్రోతలుంటారు. లైను తెరుచుకోగానే వాళ్ల ఫోనే ముందు మోగుతుంది. ఏ కార్యక్రమమైనా వాళ్లకో ప్రశ్న ఉంటుంది, పశువుల గాలికుంటు నుంచి బ్యాంకు లోన్ దాకా. నా స్నేహితురాలి మాటల్లో చెప్పాలంటే, "ఆయన ఫోన్ రాకపోతే మా లైన్లు పని చేయట్లేదేమో అని టెన్షన్." తెలిసిన నంబర్లని కాసేపు మోగనిచ్చి కొత్త నంబర్లు ముందు ఎత్తుతుంది. అయినా కార్యక్రమం కొద్దిమంది సొంతమైపోయే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది.

రెండోది, వినేవాళ్లు నిజంగా ఎంతమంది? ఊళ్లో రేడియో సెట్ ఉన్న ఇల్లు వెతుక్కోవాలి. చాలా స్మార్ట్‌ఫోన్లలో ఎఫ్‌ఎం పనిచేయదు. 2023 ఏప్రిల్‌లో కేంద్ర ఐటీ శాఖ ఫోన్లలో ఎఫ్‌ఎం ఆపేయొద్దని కంపెనీలకి సలహా ఇచ్చింది. సలహానే, నిబంధన కాదు. నేను చెప్పిన బెంచీ మీది ఇద్దరు సాక్షులు ఇంకో పదేళ్లకి ఉంటారా అంటే గట్టిగా చెప్పలేను.

మూడోది, కొట్టు యజమాని అడిగింది. ఆయన నీ చేను చూశాడా? చూడలేదు. వాట్సాప్‌లో ఫొటో పెడితే చూసేవాడు. కేంద్రాలు వాట్సాప్ నంబర్ కూడా ఇస్తున్నాయి, ఫొటోలు కూడా వస్తున్నాయి. ఈ రెండూ కలిపితే చాలా మేలు. కానీ మెసేజ్ చదివి జవాబు చెప్పడం మొదలైతే ఆ "లేదండీ", "మరి?" పోతాయి. ఫొటో సైంటిస్టు చూడాలి, గొంతు అందరూ వినాలి. ఇది కుదరని పనేమీ కాదు.

నాలుగోది అన్నిటికంటే పెద్దది. దీని దగ్గర నా స్నేహితురాలికీ నాకూ పొసగదు. ఆకాశవాణి ప్రసార నియమావళి ప్రకారం ప్రభుత్వాల మీద తీవ్ర విమర్శ కుదరదు, పార్టీ పేరెత్తి తిట్టడం కుదరదు. అర్థం చేసుకోగలను. కానీ 2025 వానాకాలంలో తెలంగాణలో యూరియా కోసం చెప్పులు వరసలో పెట్టి రైతులు కాచుకున్న ఫొటోలు అందరం చూశాం. అలాంటి రోజుల్లో ఎకరాకి ఎంత వేయాలో అడగాలని ఎవరికీ ఉండదు. బస్తా ఎప్పుడొస్తుందో కావాలి. ఇలాంటి ప్రశ్నలకి యాంకర్ల దగ్గర ఒక తయారు వాక్యం ఉంటుంది. "మీ మండల వ్యవసాయాధికారిని సంప్రదించండి." నాకు ఒళ్లు మండేది ఈ వాక్యం దగ్గరే. అక్కడ ప్రశ్న చచ్చిపోతుంది. "సైంటిస్టుకి తెలియనిది సైంటిస్టుని ఎలా చెప్పమంటావ్?" అంటుంది తను. సైంటిస్టుని అడగమనలేదు. మరుసటి వారం జిల్లా వ్యవసాయాధికారిని పిలిచి కూర్చోబెట్టమంటున్నాను. అధికారి లైవ్‌లో జవాబు చెప్పడం మనకేమీ కొత్త కాదు. తిరుమలలో గదుల గురించి, లడ్డూల గురించి భక్తులు డయల్ యువర్ ఈవో కార్యక్రమంలో నేరుగా దేవస్థానం ఈవోనే అడుగుతారు, అది టీవీలో లైవ్ వస్తుంది. లడ్డూకున్నపాటి విలువ యూరియా బస్తాకి ఉండొద్దా?

తను ఒప్పుకోలేదు. "పిలవడం నా చేతిలో ఉందా?" అంది. నిజమే, లేదు.

ఒకే చోటినుంచి అంటే

అన్నీ ఒక చోటికి తెచ్చేస్తే ఖర్చు తగ్గుతుందనేవాళ్లు ఫోన్ ఇన్ ఎత్తేస్తామనరు, రాజధాని నుంచి రాష్ట్రానికంతటికీ ఒకటి చేస్తామంటారు. మంచి నిపుణులు దొరుకుతారు, సౌండ్ బాగుంటుంది. నేను ఊహించి చూశాను. అరగంట, ఆరు కాల్స్. ఒకటి కోనసీమ కొబ్బరికి తెల్లదోమ, ఒకటి శ్రీకాకుళం జీడిమామిడి, ఒకటి అనంతపురం వేరుశనగ. ప్రతి కాల్‌కీ రాష్ట్రంలో మిగతావాళ్లంతా ఖాళీగా వింటారు, లేదా మానేస్తారు. పక్క ఊరివాడి ప్రశ్న నా ప్రశ్న కావాలంటే వాడు నిజంగా పక్క ఊరివాడై ఉండాలి. నిన్నటి వాన ఇద్దరి చేల మీదా పడి ఉండాలి. ఫోనెత్తే మనిషి కూడా ఆ వానలో తడిసి ఆఫీసుకి వచ్చి ఉంటే ఇంకా మంచిది. ఆదిలాబాద్ కేంద్రం గోండిలో కార్యక్రమాలు చేస్తుంది. ఆ భాషలో వచ్చే ఫోన్‌ని రాజధానిలో ఎవరెత్తుతారు?

ఉన్నది ఉన్నట్టు నిలబెట్టమని కూడా నేనడగను. మిగిలిపోయిన చీటీలు గేటు దగ్గర పరిష్కరించే బదులు మరుసటి వారం మొదటి పది నిమిషాలు వాటికే ఇవ్వొచ్చు. అధికారి చెప్పాల్సిన ప్రశ్నలు విడిగా రాసిపెట్టుకుని, నెలకోసారి ఆ అధికారినే స్టూడియోకి పిలవొచ్చు. ప్రసారమైన కాల్స్‌ని పంటల వారీగా యూట్యూబ్‌లో పెట్టొచ్చు, అప్పుడు బావ లాంటివాళ్లకి కూడా పనికొస్తాయి. కార్యక్రమం చివర నిర్వహణ ఎవరో, సాంకేతిక సహకారం ఎవరో చదువుతారు కదా, ఫోనెత్తినవాళ్ల పేరు కూడా ఆ వరసలో కలపొచ్చు. ఇవేవీ పెద్ద ఖర్చుతో కూడినవి కావు. కాకపోతే ఇవన్నీ చేయాల్సింది మళ్లీ ఆ నెలకు ఆరు డ్యూటీల మనిషే కాబట్టి, ముందు మార్చాల్సింది ఆ ఆరు.